వంతెన మీది రాక్షసుడు: అసలు బౌజర్ ఎవరు?

మా ఇంట్లో అతనికి పేరు లేదు. మేం "డ్రాగన్" అనేవాళ్లం, పక్కింటి పిల్లలు "డైనోసార్" అనేవాళ్లు. 90ల్లో మన ఊళ్లలో వీడియో గేమ్ అంటే టీవీకి తగిలించే ఒక ప్లాస్టిక్ పెట్టె, రెండు రిమోట్లు, ఒక పసుపు క్యాసెట్. క్యాసెట్ మీద వందల ఆటలని రాసి ఉండేది. తీరా చూస్తే అవే పదో పదిహేనో ఆటలు తిరిగి తిరిగి వచ్చేవి. వాటిలో మారియో అనే మీసాలవాడు హీరోగా ఉన్న ఆట మాత్రం తప్పకుండా ఉండేది. బొమ్మ సరిగ్గా రాకపోతే క్యాసెట్ బయటికి లాగి, ఉఫ్ అని ఊది, మళ్లీ పెట్టేవాళ్లం.

మొదటి ప్రపంచంలో నాలుగో స్టేజి కోట. అప్పటిదాకా ఉన్న నీలాకాశం, మబ్బులు పోయి చీకటి, రాతి గోడలు, కింద మరిగే లావా వస్తాయి. చివర్లో ఒక వంతెన. దాని మీద ముళ్ల పెంకుతో ఓ భారీ ఆకారం గంతులేస్తూ, నిప్పు కక్కుతూ ఉంటుంది. దాని వెనకాల ఒక గొడ్డలి. ఏం చెయ్యాలో ఎవరూ చెప్పరు. అది పైకి ఎగిరినప్పుడు కింద నుంచి దూరిపోవాలి. అలా కుదరకపోతే, మారియో పెద్ద సైజులో ఉంటే, ఒక దెబ్బ తినేసి ఒళ్లు మిణుకుమిణుకుమంటున్న ఆ క్షణంలో నేరుగా దాని ఒంట్లోంచే దూసుకుపోవాలి. గొడ్డలి తగలగానే వంతెన ఒక్కో ముక్కా మాయమైపోతుంది. ఆ ఆకారం గాల్లో కాళ్లు కొట్టుకుని లావాలో పడిపోతుంది. మేం చప్పట్లు కొట్టేలోపే ఓ పుట్టగొడుగు తలకాయ మనిషి వచ్చి, థాంక్యూ మారియో, కానీ మా యువరాణి వేరే కోటలో ఉంది, అంటాడు.

వేరే కోట అంటే ఏంటన్నయ్యా, ఇప్పుడు చచ్చింది ఎవరు మరి, అని అడిగితే మా అన్నయ్య దగ్గర జవాబు లేదు. ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూ పోతే తేలిందేమిటంటే, వీడియో గేముల చరిత్రలో అందరికీ తెలిసిన విలన్ గురించి అందరికీ తెలిసినవాటిలో సగం ఒకదానితో ఒకటి కలవవు. అతని పేరు రెండు రకాలు. ఆకారం మొదట వేరే. యువరాణిని ఎందుకు ఎత్తుకుపోతాడన్నదానికి కారణం మారిపోయింది. పిల్లలు ఎంతమంది అన్నది కూడా మారిపోయింది. ఎన్నిసార్లు లావాలో పడ్డా మళ్లీ వస్తాడు, మధ్యమధ్యలో అదే మారియోతో కలిసి కార్లు నడుపుతాడు. ఈ చిక్కు విప్పుకోవచ్చు. కాకపోతే కథ వైపు నుంచి కాదు, ఆట వైపు నుంచి లాగాలి.

పేరు సంగతి

'సూపర్ మారియో బ్రదర్స్' జపాన్‌లో 1985 సెప్టెంబరు 13న వచ్చింది. క్యోటోలోని నింటెండో కంపెనీలో షిగెరు మియమోతో, తకాషి తెజుకా కలిసి దాన్ని తీర్చిదిద్దారు. ఆట మొత్తం కలిపి 40 కిలోబైట్లు. ఇవాళ ఫోన్‌లో వచ్చే ఒక గుడ్ మార్నింగ్ బొమ్మ అంతకంటే బరువుంటుంది. అందులో 8 ప్రపంచాలు, ఒక్కోదానిలో 4 స్టేజీలు, ప్రతి నాలుగో స్టేజి చివర ఈ రాక్షసుడు. ఇంత ఉన్నా ఆట మొత్తంలో తెర మీద ఎక్కడా అతని పేరు కనిపించదు. పేరూ కథా డబ్బాతోపాటు ఇచ్చే చిన్న పుస్తకంలోనే ఉండేవి. మన పసుపు క్యాసెట్లకు పుస్తకాలెక్కడివి? అందుకే మా తరానికి ఆటంతా వచ్చు, కథ మాత్రం రాదు. డ్రాగన్ అనుకున్నామంటే అందులో మా తప్పేం లేదు.

జపాన్‌లో అతని పేరు కుప్పా. బిరుదుతో కలిపి చెప్తే మహా రాక్షసరాజు కుప్పా. ఈ మాట ఒక కొరియన్ వంటకం నుంచి వచ్చింది. వేడి వేడి పులుసులో అన్నం వేసి తినే గుక్‌బాప్‌ను జపనీయులు కుప్పా అంటారు. మియమోతో ఆ పేరుతోపాటు యుక్కె, బిబింబా అనే మరో రెండు కొరియన్ వంటకాల పేర్లూ అనుకుని, చివరికి దీన్ని ఖాయం చేశాడు. మన భాషలో కుప్ప అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. రెంటికీ ఏ సంబంధమూ లేదు గానీ, ప్రతి ఆటలో చివరికి కుప్పకూలిపోయే అతనికి ఆ పేరుండటం తెలుగువాళ్లు ఇట్టే గుర్తుపెట్టుకోగల విషయం.

ఆట అమెరికాకు వెళ్లినప్పుడు పేరు రెండు ముక్కలైంది. ఇంగ్లీషు పుస్తకంలో అతన్ని "కూపాల రాజు బౌజర్" అన్నారు. అంటే జపాన్‌లో ఒక వ్యక్తికి ఉన్న పేరు, అమెరికాలో మొత్తం తాబేళ్ల జాతికి పేరైపోయింది. అతనికేమో కొత్తగా బౌజర్ అని పెట్టారు. జపనీస్‌లో మామూలు తాబేలు సైనికుడిని నొకొనొకొ అంటారు, ఆ పేరులో కుప్పా అన్న మాటే లేదు. ఇంగ్లీషులో అదే సైనికుడు కూపా ట్రూపా. అందుకే పాత అమెరికన్ కార్టూన్లలో కింగ్ కూపా అన్నా, ఇప్పటి ఆటల్లో బౌజర్ అన్నా, జపాన్ పిల్లలు కుప్పా అన్నా మనిషి ఒకడే. యువరాణికీ ఇదే జరిగింది. జపాన్‌లో మొదటి నుంచీ పీచ్, అమెరికాలో చాలా ఏళ్లు టోడ్‌స్టూల్. ఇంకో తమాషా ఏమిటంటే, 2019 నుంచి కొన్నేళ్లపాటు నింటెండో అమెరికా శాఖకు అధ్యక్షుడిగా పనిచేసిన ఆయన ఇంటిపేరు కూడా బౌజరే. డగ్ బౌజర్. అది పూర్తిగా కాకతాళీయం.

ఎద్దు తాబేలైంది

మియమోతో మనసులో మొదట ఉన్నది తాబేలు కాదు, ఎద్దు. 1960లో జపాన్‌కు చెందిన తోయీ సంస్థ 'సైయూకి' అనే యానిమేషన్ సినిమా తీసింది. చైనా ప్రాచీన నవల 'పడమటి యాత్ర' దానికి ఆధారం. ఆ కథలో ఎద్దు తలతో ఒక రాక్షసరాజు ఉంటాడు. మియమోతో అతన్ని తలచుకునే మొదటి ఆట డబ్బా మీది బొమ్మను స్వయంగా గీశాడు. ఆ బొమ్మకూ ఇప్పటి బౌజర్‌కూ పోలిక చాలా తక్కువ. బొమ్మ చూసి, ఇతను తాబేళ్లకు రాజు కదా, తాబేలులా ఉండాలి కదా అన్నది తెజుకా. తర్వాత, ఒకప్పుడు తోయీలో పనిచేసి నింటెండోకు వచ్చిన యోయిచి కొతాబే అనే యానిమేటర్ చేయి పడింది. ఎద్దు కొమ్ములు, తాబేలు పెంకు, మండుతున్నట్టుండే ఎర్ర జుట్టు, కోరలు కలిసి ఇవాళ మనం చూసే ఆకారం కుదిరింది.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ఉండలేను. ఆ చైనా నవలలో పడమటికి, అంటే మన దేశానికి, ప్రయాణం చేసే సన్యాసికి మూలం నిజమైన యాత్రికుడు హ్యూయన్‌త్సాంగ్. 7వ శతాబ్దంలో ఆయన మన ధాన్యకటకం దాకా, అంటే ఇప్పటి అమరావతి ప్రాంతం దాకా, వచ్చాడు. ఆయన యాత్ర కథగా మారి, కథలో రాక్షసులు చేరి, వాళ్లలో ఒకడు సినిమాకెక్కి, ఆ సినిమా చూసిన ఒక జపనీస్ కుర్రాడి చేతిలో బౌజర్ అయ్యాడు. ఆ కొమ్ములు చూసినప్పుడల్లా నాకు కృష్ణా తీరం గుర్తొస్తుంది.

యువరాణి అతనికెందుకు?

యువరాణిని ఎందుకు ఎత్తుకుపోయాడంటే, ఎవరిని అడిగినా పెళ్లి చేసుకుందామని, అంటారు. 1985లో కారణం అది కాదు. ఆట పుస్తకంలోని కథ ప్రకారం, మంత్రవిద్యలో పేరుమోసిన కూపా జాతి పుట్టగొడుగుల రాజ్యం మీద పడి అక్కడి జనాన్ని రాళ్లుగా, ఇటుకలుగా, మొక్కలుగా మార్చేస్తుంది. ఆ మంత్రాన్ని విప్పగలిగింది ఒక్క యువరాణే. అందుకే ఆమెను బంధించారు. ప్రేమా దోమా ఏమీ లేదు. దండెత్తినవాడు, తన మంత్రానికి విరుగుడు తెలిసిన ఒకే ఒక్క మనిషిని కోటలో పెట్టి తాళం వేశాడు.

ఈ సంగతి తెలిశాక ఆట మొత్తం వేరేగా కనిపిస్తుంది. మారియో తలతో కొట్టే ఇటుకలు శాపం తగిలిన జనం. వాటిలోంచి పుట్టగొడుగు బయటికొచ్చి మారియో పెద్దవాడవుతాడే, అది ఇటుకగా మారిపోయిన మనిషి చేసే సాయం అని ఆ పుస్తకంలోనే ఉంది. చిన్నప్పుడు ఇది తెలిసుంటే ఇటుకలు పగలగొట్టేటప్పుడు నా చెయ్యి కొంచెం వణికేదేమో.

ప్రేమ తర్వాత వచ్చింది. 2000లో వచ్చిన 'పేపర్ మారియో'లో పీచ్ అతని గదిలోకి రహస్యంగా వెళ్లి డైరీ చదువుతుంది. తనంటే అతనికి ఎంత ఇష్టమో అందులో రాసి ఉంటుంది. నిప్పులు కక్కేవాడు డైరీ రాసుకుంటాడని తెలిసిన ఆ ఘట్టంతో విలన్ మనసులోకి మొదటిసారి తలుపు తెరుచుకున్నట్టయింది. 2017 నాటి 'సూపర్ మారియో ఒడిస్సీ' వచ్చేసరికి తెల్ల సూటు తొడుక్కుని బలవంతపు పెళ్లికి చంద్రుడి మీద ఏర్పాట్లు చేసే దాకా వెళ్లాడు. దాని గురించి చివర్లో మాట్లాడుకుందాం.

బరువు

నా దృష్టిలో బౌజర్‌ను అర్థం చేసుకోవడానికి తాళంచెవి అతని కథలో లేదు, అతని బరువులో ఉంది.

మొదట అతని పూర్వీకుడి దగ్గరికి వెళ్లాలి. 1981లో నింటెండో 'డాంకీ కాంగ్' చేసింది. అసలు వాళ్లు పొపాయ్ కార్టూన్ పాత్రలతో ఆట చెయ్యాలనుకున్నారు. పొపాయ్, అతను ప్రేమించే ఆలివ్, ఆమెను ఎత్తుకుపోయే బండమనిషి బ్లూటో. ఆ హక్కులు అప్పుడు దొరకలేదు. అందుకని పొపాయ్ చోట ఒక మీసాల వడ్రంగి, ఆలివ్ చోట ఒక అమ్మాయి, బ్లూటో చోట ఒక గొరిల్లా వచ్చారు. ఆ వడ్రంగే తర్వాత మారియో అయ్యాడు. అంటే మారియో ఆటల్లో విలన్ కుర్చీ బౌజర్ పుట్టకముందే తయారై ఉంది, అందులో కూర్చోవాల్సింది భారీ శరీరం ఉన్నవాడే. డాంకీ కాంగ్ చివరి తెర చూడండి. హీరో గొరిల్లా మీద చెయ్యి కూడా వెయ్యడు. ఇనుప దూలాలను పట్టి ఉంచిన 8 రివెట్లను ఒక్కొక్కటే ఊడదీస్తాడు, అంతే. ఆసరా పోగానే గొరిల్లా తన బరువుకు తానే తలకిందులుగా కింద పడుతుంది.

నాలుగేళ్ల తర్వాత వచ్చిన వంతెన, గొడ్డలి కూడా అదే ఆలోచన. మారియో చిన్నవాడు, బౌజర్ పెద్దవాడు. చిన్నవాడు పెద్దవాడిని గుద్ది గెలిస్తే ఎవరూ నమ్మరు. పెద్దవాడు తన బరువుతో తానే పడిపోతే పిల్లవాడికి కూడా నమ్మకం కుదురుతుంది. ఆ గొడ్డలి ఉన్నది బౌజర్ ఇంట్లోనే, అతని వీపు వెనకే. వంతెనా అతనిదే.

1988లో 'సూపర్ మారియో బ్రదర్స్ 3' వచ్చింది. అందులో బౌజర్ గాల్లోకి ఎగిరి మారియోను తొక్కేద్దామని ధడేల్మని కిందికి దిగుతాడు. అలా దిగిన ప్రతిసారీ కింద ఇటుకలు పగులుతాయి. మారియో చెయ్యాల్సిందల్లా సరైన చోట నిలబడి, చివరి క్షణంలో పక్కకు తప్పుకోవడం. ఒకే చోట మళ్లీ మళ్లీ దిగి, తన ఇంటి నేలకు తానే కన్నం పెట్టుకుని అందులోంచి పడిపోతాడు. నాకు అన్నిటికంటే ఇష్టమైన బౌజర్ పోరు ఇదే. రెండు నిమిషాలు కూడా పట్టదు, ఒక్క మాట ఉండదు, అయినా అతని స్వభావం మొత్తం అందులో ఉంది. కోపం ఎక్కువ, ఓపిక తక్కువ. తన బలం ఎంతో తెలుసు, ఆ బలం ఎక్కడికి తీసుకెళ్తుందో మాత్రం చూసుకోడు.

1990లో 'సూపర్ మారియో వరల్డ్'. ఈసారి జోకర్ ముఖమున్న ఎగిరే గిన్నెలో కూర్చుని పై నుంచి కీ ఇచ్చే తాబేలు బొమ్మలు విసురుతాడు. వాటినే తొక్కి, చేత్తో పట్టుకుని, పైకి విసిరి అతని నెత్తిన పడెయ్యాలి. ఆయుధం మళ్లీ అతని చేతిలోంచి వచ్చిందే.

1996లో 'సూపర్ మారియో 64'తో ఆట మూడు కోణాల్లోకి వచ్చాక ఆ బరువు మొట్టమొదటిసారి మన చేతికి తెలిసింది. మారియో వెనక నుంచి వెళ్లి తోక పట్టుకుంటాడు. రిమోట్ మీది చిన్న పుల్లను బొటనవేలితో గుండ్రంగా తిప్పాలి. మొదట బౌజర్ మెల్లగా కదులుతాడు. వేగం పుంజుకునే కొద్దీ అతను గాల్లోకి లేచి గిరగిరా తిరుగుతాడు. సరిగ్గా అంచున ఉన్న ముళ్ల బాంబు ఎదురుగా వచ్చినప్పుడు వదలాలి. అర క్షణం ముందూ వెనకా అయితే గురి తప్పినట్టే. గురి తప్పి బయటికి పడితే ఎగిరి మళ్లీ వచ్చి దూకుతాడు. రెండో పోరులో అతను దిగిన వైపుకు నేలంతా ఒరిగిపోతుంది, మారియో జారిపోతుంటాడు. మూడో పోరులో నేల అంచులు విరిగిపడి చివరికి నక్షత్రం ఆకారంలో కొంచెం చోటు మిగులుతుంది. ఆ బాంబులను తన ఇంటి చుట్టూ పెట్టుకున్నదెవరు? మళ్లీ అతనే.

కార్ల రేసులోనూ ఇదే సూత్రం. 1992 నాటి 'సూపర్ మారియో కార్ట్' నుంచి బౌజర్ లోడు లారీ లాంటివాడు. కదలడం ఆలస్యం, ఒకసారి అందుకున్నాడంటే అతని టాప్ స్పీడ్ తేలికవాళ్లకు రాదు, ఢీకొంటే అవతలివాడు రోడ్డు పక్కకు పోతాడు. కథ లేని చోట కూడా బౌజర్ బౌజర్‌లాగే ఉన్నాడంటే, అతన్ని అతనిగా నిలబెడుతున్నది కథ కాదన్నమాట.

మరి ఆ వంతెన మీద పడినవాడు ఎవరు?

మా అన్నయ్యకు తెలియని జవాబు నాకు చాలా ఏళ్ల తర్వాత దొరికింది. మారియో నిప్పు పువ్వు తీసుకుని బౌజర్ మీద వరసగా 5 నిప్పు బంతులు వేస్తే గొడ్డలి అవసరం లేకుండానే చస్తాడు. పడిపోతూ పడిపోతూ తన అసలు రూపం చూపిస్తాడు. మొదటి కోటలో ఉన్నది బౌజర్ వేషంలోని గూంబా, అంటే ఆట మొదట్లో కాలితో తొక్కేసే ఆ గోధుమరంగు బుడతడు. రెండో కోటలో ఓ తాబేలు సైనికుడు. ఆరో కోటలో ఓ తెల్ల స్క్విడ్. ఏడు కోటల్లోనూ ఉన్నది మాయ బౌజర్లే, నిజమైనవాడు ఎనిమిదో కోటలో మాత్రమే ఉంటాడు. మాయలేడిని చూసిన మన పిల్లలకు ఇది వెంటనే అర్థమయ్యేది. కానీ నిప్పు పువ్వును కోట చివరి దాకా కాపాడుకోవడం మా వల్ల ఎప్పుడైంది గనక!

అంటే మొదటి ఆటలోనే బౌజర్ ఒక వేషం. ఇది చాలా ముఖ్యమైన సంగతి. ఆ వేషం ఎవరైనా వేసుకోవచ్చు, ఏ కోటలోనైనా వెయ్యవచ్చు.

చావు విషయంలోనూ నింటెండో పట్టుదలగా లేదు. 2006 నాటి 'న్యూ సూపర్ మారియో బ్రదర్స్'లో మొదటి కోటలోనే పాత వంతెన మీది పోరు పెట్టి అతన్ని లావాలో పడేశారు. ఈసారి ఒంటి మీద మాంసమంతా కాలిపోయి ఎముకల గూడుగా మిగులుతాడు. ఆట చివర్లో ఆ ఎముకల గూడే ఎదురొస్తుంది. తర్వాత కొడుకు ఆ ఎముకలను ఒక పెద్ద కాగులో వేసి, మునుపటికంటే భారీగా తండ్రిని బతికిస్తాడు.

కొడుకంటే మళ్లీ ఒక చిక్కు. 1988 ఆటలో ఏడుగురు కూపాలింగ్స్‌ను బౌజర్ పిల్లలుగా పరిచయం చేశారు. 2002లో 'సూపర్ మారియో సన్‌షైన్'లో బౌజర్ జూనియర్ వచ్చాడు. 2012లో ఒక అమెరికన్ గేమ్ పత్రికతో మాట్లాడుతూ మియమోతో తేల్చేశాడు: ఆ ఏడుగురూ బౌజర్ పిల్లలు కారు, కొడుకు జూనియర్ ఒక్కడే, తల్లి ఎవరో తమకూ తెలియదు అని. పాతికేళ్లుగా ఏడుగురు పిల్లల తండ్రి అనుకున్నవాడు ఒక్క మాటతో ఒక్క కొడుకు తండ్రి అయిపోయాడు. కొందరు అభిమానులకు ఇది ఇప్పటికీ మింగుడు పడలేదు. ఆ బాధ నాకు అర్థమవుతుంది. నాకు మాత్రం సన్‌షైన్ చివరి దృశ్యం ఒక్కటే చాలు, ఏడుగురు పోయినా పర్వాలేదనిపిస్తుంది. పీచ్ నీ తల్లి అని చెప్పి కొడుకుతో ఆమెను ఎత్తుకొచ్చేలా చేస్తాడు బౌజర్. ఓడిపోయాక సముద్రం మధ్యలో తేలుతూ, నీతో ఒక కష్టమైన విషయం చెప్పాలి, అని మొదలుపెడతాడు. కొడుకు మధ్యలోనే అందుకుని, నాకు తెలుసులే నాన్నా, ఆవిడ మా అమ్మ కాదు, అంటాడు. పెద్దయ్యాక ఆ మారియోతో మళ్లీ పోరాడతానంటాడు. తండ్రి కళ్లలో గర్వం కనిపిస్తుంది. విలన్ అబద్ధాన్ని కొడుకే తేలిక చేసిన ఆ ఘట్టం, ఇలాంటి ఆటలో నేను ఊహించనిది.

నాటక సమాజం

ఇన్ని ముక్కలూ ఎలా అతుకుతాయి? 2012లో ఆ పత్రికతో మాట్లాడినప్పుడే మియమోతో చెప్పిన మరో మాట దీనికి జవాబు. పొపాయ్ లాంటి పాత కార్టూన్లలో అవే పాత్రలు ఒక కథలో ఒకరకంగా, ఇంకో కథలో ఇంకోరకంగా కనిపించేవి. మా పాత్రలూ అంతే, ఒక కుటుంబంలాంటివాళ్లు, ఒక నటుల బృందంలాంటివాళ్లు అన్నది ఆయన చెప్పిన దాని సారాంశం.

ఇది మనకు కొత్తగా చెప్పాల్సిన పని లేదు. 1957లో 'మాయాబజార్'లో లడ్డూలు లాగించే ఘటోత్కచుడిగా మనల్ని మురిపించిన ఎస్వీ రంగారావే 1963లో 'నర్తనశాల'లో కీచకుడిగా వచ్చి మన చేత ఛీ అనిపించాడు. ఆ ఘటోత్కచుడు ఇంత చెడ్డవాడు ఎప్పుడయ్యాడని ఎవరైనా అడిగారా? ఇక సురభివాళ్లయితే 1885 నుంచి కుటుంబాలు కుటుంబాలుగా ఇదే చేస్తున్నారు. ఇవాళ రాక్షసుడి కిరీటం పెట్టుకున్నవాడు రేపు ఇంకో వేషంలో ఉంటాడు, నాటకం అయ్యాక అందరూ కలిసే భోంచేస్తారు. బౌజర్ కార్ల రేసులో మారియో పక్కన నిలబడటం ఆ భోజనాల బంతి లాంటిదే.

నింటెండో దీన్ని దాచలేదు కూడా. 'సూపర్ మారియో బ్రదర్స్ 3' తెర పైకి లేవడంతో మొదలవుతుంది. నిజంగానే నాటకం తెర. మెట్ల లాంటి దిమ్మెలకు మేకులు కనిపిస్తాయి, కొన్ని పై నుంచి వేలాడుతుంటాయి, వెనకాల ఆకాశం మీద వాటి నీడలు పడతాయి. స్టేజి చివర మారియో చీకట్లోకి, అంటే తెర పక్కకు, వెళ్లిపోతాడు. అదంతా ఒక ప్రదర్శనేనా అని అభిమానులు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. 2015లో ఒక వీడియోలో మియమోతో అవునని తల ఊపాడు.

ఇలా చూస్తే అతని ఒక్కో వేషం ఎందుకు కుదిరిందో తెలుస్తుంది. 1995 నాటి 'యోషీస్ ఐలాండ్'లో అతను కామెక్ అనే మంత్రగాడి పెంపకంలోని గారాల పసివాడు. 1996లో 'సూపర్ మారియో ఆర్‌పీజీ'లో ఇంకెవడో వచ్చి కోట లాక్కుంటే, సైన్యం చెల్లాచెదురైన రాజుగా దారిలో నిలబడతాడు. పరువు వదులుకోలేక, మారియో జట్టులో చేరుతూ కూడా మారియోనే తన సైన్యంలో చేర్చుకుంటున్నట్టు మాట్లాడతాడు. 2009లో వచ్చిన 'బౌజర్స్ ఇన్‌సైడ్ స్టోరీ' ఇంకా ముందుకు వెళ్లింది. అందులో మారియో, అతని తమ్ముడు లూయిజీ బౌజర్ కడుపులో ఉంటారు, ఆ సంగతి బౌజర్‌కు తెలియదు. ఆట రెండు తెరల మీద నడుస్తుంది: కింది తెరలో అన్నదమ్ములు అతని కండరాలను, నరాలను సరిచేస్తుంటే పై తెరలో అతను తన కోట కోసం పోరాడుతుంటాడు. తన బలమంతా తనదేననుకునే మనిషికి, ఆ బలం లోపల నుంచి ఎవరిస్తున్నారో తెలియకపోవడం! అతని మీద ఇంతకంటే మంచి కథ రాలేదన్నది నా అభిప్రాయం.

చంద్రుడి మీద

ఇక యువరాణి మాట. నాటకంలో వేషాలేనని ఎంత చెప్పుకున్నా, ఒక ఆడమనిషిని మళ్లీ మళ్లీ ఎత్తుకుపోవడం మీద నడిచే కథ ఇది. ప్రేమ అన్న పేరు చేరాక అది ఇంకా బాధ పెడుతుంది. 1985 నాటి దండయాత్రే నయం, అందులో కనీసం ఆమెకు ఒక శక్తి ఉంది, శత్రువు దానికి భయపడ్డాడు. బలవంతపు పెళ్లి కథలో ఆమెకు అదీ లేదు. మా ఇంట్లో ఒడిస్సీ ఆడుతున్న పాప, ఆమెకు ఇష్టమో లేదో ఎవరూ అడగరా, అంది. ఆట ముగింపు ఆ ప్రశ్నను వినిపించుకున్నట్టే ఉంటుంది.

పెళ్లి మందిరం కింద గుహలో బౌజర్ ఓడి స్పృహ తప్పుతాడు. పైకప్పు కూలుతోంది. మారియోకు బయటపడే దారి లేదు. అతని టోపీ ఎవరి మీద పడితే వాళ్ల శరీరం అతని అదుపులోకి వస్తుంది. మారియో ఆ టోపీని బౌజర్ మీద వేస్తాడు. బౌజర్ ముఖానికి మీసం మొలుస్తుంది. మొదటి వంతెన నుంచి 32 ఏళ్లు తప్పించుకు తిరిగిన ఆ బరువు ఇప్పుడు మన చేతిలో ఉంది. గోళ్లతో బండరాళ్లు బద్దలు కొడుతూ, నిప్పు కక్కుతూ, పీచ్‌ను కాపాడుకుంటూ బయటికి పరుగెత్తాలి. నేలను పగలగొట్టి తననే పడేసుకున్న ఆ శరీరమే ముగ్గురినీ బయటికి తెస్తుంది.

బయట చంద్రుడి మీద భూమి నీలంగా కనిపిస్తుంటుంది. మారియో ఒక పువ్వు పట్టుకుని పీచ్ ముందు మోకరిల్లుతాడు. వెంటనే బౌజర్ కూడా ఒక పువ్వు ముందుకు తోస్తాడు. ఇద్దరూ పోటీపడి పువ్వులు ఆమె ముఖం మీదికి నెట్టేస్తారు. ఆమె ఇక చాలు అన్నట్టు ఇద్దరినీ కాదని ఓడ వైపు నడిచి వెళ్లిపోతుంది. ఇద్దరూ తలలు వాల్చి నిలబడతారు. అప్పుడు మారియో చెయ్యి చాచి బౌజర్ వీపు మీద మెల్లగా తడతాడు.